స్టీరింగ్ చేతి మీద మూడు చుక్కలు

పదకొండు గంటలకు టీచరమ్మ వస్తుంది. వచ్చి ఒక్క ముక్క అడుగుతుంది. దానికి ఏం చెప్పాలో రెడ్డెమ్మకు తోచడం లేదు. జవాబు తెలియక కాదు, తెలిసిపోయి.

ఆమె ముందు బల్ల మీద జానెడు ఇనుప ముక్క రెండుగా విరిగి ఉంది. పాత కార్లలో స్టీరింగ్ పెట్టెలోంచి కిందికి వేలాడుతూ, పైన మనం చక్రం తిప్పితే కింద ముందు చక్రాల కడ్డీలను అటూ ఇటూ లాగేది అదే. పుస్తకాల్లో డ్రాప్ ఆర్మ్ అని ఉంటుంది. రెడ్డెమ్మ గురువు మాత్రం 'చేయి' అనే అంటాడు. కారులో వెయ్యి ముక్కలుంటాయి, ఏది పోయినా కారు ఆగిపోతుంది, ఈ ఒక్కటి పోతే మాత్రం ఆగదు అని చెప్పేవాడు.

గురువు పేరు పీరాన్ సాహెబ్. మదనపల్లె నుంచి పోతే ఏనుగుమల్లమ్మ కొండ మొదట్లో, దారి పైకి తిరిగే చోట ఆయన షెడ్డు. డెబ్భై ఆరేళ్లు. ఇంజన్ ముట్టడు, బ్రేకుల జోలికి పోడు. స్టీరింగ్ ఒక్కటే ఆయన పని. చెవులు రెండూ పోయి పదేళ్లయింది. యాభై ఏళ్లు సుత్తితో కాపురం చేసినవాడికి చెవులు ఎలా మిగులుతాయి? ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. ఇనుము మాట పట్టుకోవడానికి ఇంకో దారి ఉంది. స్క్రూడ్రైవరు పిడిని పళ్ల మధ్య కరిచి, కొసను తిరిగే చోట ఆనించి, కళ్లు మూసుకుంటాడు. చెవులున్న మెకానిక్కులకు వినపడని గరగర ఆయన పళ్లకు వినపడుతుంది.

షెడ్డు బోర్డు మీద పేరు లేదు. పొయ్యి రాళ్లలా పేర్చిన మూడు తెల్ల చుక్కలు, అంతే. ఆయన చేత్తో చేసిన ప్రతి ముక్క మీదా ఆ మూడు చుక్కలే కొడతాడు. కంపెనీ వస్తువు మీద కంపెనీ పేరు ఉంటుంది గదా, మరి మన వస్తువు మన పేరు చెప్పుకోడానికి సిగ్గెందుకు అంటాడు.

రెడ్డెమ్మ పదహారేళ్ల కిందట పట్టుగూళ్ల మార్కెట్టుకు ఆటో నడిపేది. హ్యాండిలు ఒక పక్కకు గుంజుతోందని ఈ షెడ్డుకు తెచ్చింది. బాగయ్యాక చూసి, నువ్వేసింది కంపెనీ సామాను కాదు, ఎవరిని మోసం చేస్తావని పీరాన్ సాహెబుతో తగువు పెట్టుకుంది. నీకెట్లా తెలుసన్నాడాయన. రంగు వేరేగా ఉందంది. రంగు చూసి పెండ్లి చేసుకునేవాళ్లను చూసినా గానీ ఇనుమును కొనేవాళ్లను ఇప్పుడే చూస్తా ఉండానని ఆయన నవ్వి, చుక్కలు చూపించి, ఇది నాది, దాచలేదు చూడు అన్నాడు. మర్నాడు ఆమె ఆటో లేకుండా వచ్చింది. ఇంకా పోలేదు.

ఆయన పాఠాలు చెప్పేవాడు కాదు. ఒక అసలును, ఒక నకిలీని చేతిలో పెట్టి కూర్చోబెట్టేవాడు. సాయంత్రానికి ఏది ఏదో చెబితే టీ, లేకపోతే లేదు. అలా టీ కోసం నేర్చుకుంది రెడ్డెమ్మ. అసలు చేయికి నడుమ పొడవునా వేలెడు వెడల్పున నున్నటి పట్టీ ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుమును పెద్ద అచ్చుల మధ్య ఒక్క దెబ్బకు నొక్కి, బయటికి పొంగిన అంచు కోసేసిన గుర్తు అది. పోత పోసిన నకిలీకి అదే చోట దారంలాంటి గీత ఉంటుంది. అసలును తీగకు కట్టి తడితే గుడి గంటలా మోగుతుంది. నకిలీ దగ్గుతుంది. ఇవన్నీ తెలిశాక కూడా ఆయన ఒక్క కట్టడి పెట్టాడు. అసలు వస్తువు మీద ఆకురాయి పెట్టకూడదు. కొలత ప్రకారం పుట్టినదానికి రాపిడితో పని లేదు. ఆకురాయి పడిందంటే ఎవడో అతకనిదాన్ని అతికిస్తున్నాడు, లేకపోతే దేన్నో దాస్తున్నాడు.

ఇంకో ఆచారం కూడా ఉండేది ఆ షెడ్డులో. స్టీరింగు ఎవరు బిగిస్తే వాళ్లు, ఆ బండి మొదటిసారి కొండ దిగేటప్పుడు, నడిపేవాళ్ల పక్కన ఎడమ సీట్లో కూర్చోవాలి. చేతిలో చక్రం ఉండదు, కాలికింద బ్రేకు ఉండదు. కొండమీద నుంచి కింది దాకా ఊరికే కూర్చుని రావాలి. ఎందుకని రెడ్డెమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన ఆమె పెదవుల వైపు చూడలేదు. ఎదురుగా టీ అంగడి మునెప్పకు మాత్రం అది పెద్ద తమాషా. పీరాన్ సాయిబు గాలి తినను పోయినాడురా అని గిరాకీలకు చెప్పి నవ్వేవాడు. రెడ్డెమ్మకు పని చేతికొచ్చాక ఆ సీటు ఆమెది కూడా అయింది. ఆమెకు భయమెక్కడిది? మునెప్ప దగ్గర శెనక్కాయల పొట్లం కట్టించుకుని ఎక్కేది. మలుపుకు నాలుగు కాయలు ఒలుచుకుంటూ దిగేది.

నేర్చినవాళ్లకు నోరు కూడా పెరుగుతుంది. పోయిన ఏడాది బెంగుళూరు నుంచి ఒకాయన ఎర్రటి రెండు సీట్ల కారు తెచ్చి, దీంట్లో ప్రతి మేకూ కంపెనీదే, నువ్వు చూసి ఔననడమే మిగిలిందన్నాడు. రెడ్డెమ్మ కింద దూరి, ఒక్క నట్టు విప్పకుండా చేత్తో తడిమి బయటికొచ్చి, నీ కారులో అసలుదంటే నంబరు ప్లేటొకటే సార్ అంది. ఆ మాట బెంగుళూరు దాకా పోయింది. అప్పటి నుంచి పాత కార్ల వాళ్లు స్టీరింగ్ ముక్కల ఫొటోలు ఆమెకే పంపిస్తున్నారు. ఆమె ఒక్క మాట రాస్తుంది, అసలు అనో మార్పిడి అనో. ఆ మాటకు తిరుగులేదు.

ఇప్పుడు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

పది రోజుల కిందట ఒక ట్రాక్టరు ట్రాలీలో ముదురాకుపచ్చ రెండు సీట్ల కారు ఒకటి వచ్చింది. పైకప్పు లేదు. ముందు భాగం ముడుచుకుపోయి ఉంది. దాని వెనకే బస్సు దిగి హేమావతి టీచరమ్మ వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి, చిత్తూరులో హైస్కూలు హెడ్మాస్టరు. కారు వాళ్ల నాయనది. గజేంద్రనాయుడు అని, మదనపల్లెలో పట్టు దారం తీసే కార్ఖానా ఉండేది. ఇంగ్లండుకు పోతున్న దొర దగ్గర ఆ కారు కొని, పిల్లకు పాపిట దువ్వినట్టు రోజూ తుడుచుకునేవాడట. హేమావతికి పదకొండేళ్లప్పుడు ఆ కారు కొండ దిగుతూ ఏడో మలుపులో లోయలోకి పోయింది. మనిషి అక్కడే పోయాడు.

తాగి నడిపినాడన్నారు ఊళ్లో. చచ్చినవాడు తాగినాడని అనడానికి సాక్ష్యం అక్కర్లేదు, నోరుంటే చాలు. అందరికీ ఉంది. కాగితం మీద కూడా అదే రాశారు. హేమావతి తల్లి ఆ మాట కింద ముప్పై తొమ్మిదేళ్లు బతికింది. పెళ్లిళ్లకు పిలుపులు తగ్గాయి, పిలిచినచోట కూడా తాగుబోతు పెండ్లామని వెనక వరసలో కూర్చోబెట్టారు. కారును కార్ఖానా వెనక కొట్టంలో పెట్టి తాళం వేసింది. తాను బతికుండగా తియ్యనివ్వలేదు. రెండేళ్ల కిందట ఆమె పోయింది. హేమావతి తాళం పగలగొట్టింది.

కారును బాగు చేయాలని ఆమె అడగలేదు. అమ్ముతాననీ అనలేదు. ఒక్క సంగతి కావాలంది. కొట్టంలో కారు కిందికి దూరి చూస్తే స్టీరింగు కింద ఒక ముక్క విరిగి ఉంది. అది లోయలో పడ్డాక విరిగిందా, విరిగినందుకే లోయలో పడిందా. ముందే విరిగుంటే, అది కారుతో పాటు వచ్చిన ముక్కా, తర్వాత ఎవరన్నా పెట్టిందా. కారుతో వచ్చిందైతే తలరాత అనుకుంటానంది. ఎవరన్నా పెట్టిందైతే వాడి పేరు కావాలంది.

ట్రాలీలోంచి కారు దింపేటప్పుడు పీరాన్ సాహెబ్ దగ్గరికి రాలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చేతులకు ఏమీ అంటలేదు, అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు. టీచరమ్మ పెదవుల మీంచి చూపు తిప్పకుండా అంతా వింటూ, ఆమె అయిపోయిందనగానే రెడ్డెమ్మ వైపు తిరిగాడు.

"నేను ముట్టను. నువ్వు చూడు. నువ్వేది చెప్తే అదే ఈ షెడ్డు మాట."

రెడ్డెమ్మ పొంగిపోయింది. పదహారేళ్లకు గురువు తన పీట దిగి శిష్యురాలికి వేశాడనుకుంది. ఆ రోజు మునెప్ప అంగట్లో అందరికీ టీ తానే చెప్పింది.

ముక్కను బయటికి తీసి గ్రీజు కడగడానికి నిన్న మధ్యాహ్నం దాకా పట్టింది. ఎండిన గ్రీజు ముద్దలో కూరుకుపోయి ఉండడంతో విరిగిన చోటు తుప్పు పట్టకుండా మిగిలింది. దాన్ని కిటికీ దగ్గర ఎండకు పెట్టి చూసింది. చెరువులో నీళ్లు తగ్గుతూ పోతే ఒడ్డున ఒకదాని కింద ఒకటి గీతలు పడతాయి చూడండి, అలాంటి గీతలు ముప్పాతిక భాగం దాకా ఉన్నాయి. మిగిలిన పాతిక బెల్లం ముక్క విరిచినట్టు గరుగ్గా ఉంది. అంటే పగులు ఒక్కరోజుది కాదు. నెలల తరబడి రోజుకింత లోపలికి పాకి, ఏడో మలుపులో చివరి పాతికా తెగిపోయింది. లోయలో పడి విరిగింది కాదు, విరిగే పడింది.

గజేంద్రనాయుడు తాగినా తాగకపోయినా ఆ మలుపు తిరిగేవాడు కాడు. ఆ మాట రేపు టీచరమ్మకు చెప్పొచ్చు గదా అనుకుని రెడ్డెమ్మ సంతోషంగానే ముక్కను తిప్పి చూసింది. నడుమ పట్టీ లేదు, పోత గీత కూడా లేదు. చేత్తో సాగగొట్టిన చేయి అది. సుత్తి దెబ్బలు చేప పొలుసుల్లా వరసగా, ఎంతో ఓపికగా పడ్డాయి. ఇంత పనితనం ఎవరిదా అనుకుంటూ వెనక్కి తిప్పింది.

పొయ్యి రాళ్లలా మూడు చుక్కలు.

ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందని అడక్కండి. తెల్లారి ఎనిమిదికే షెడ్డుకొచ్చింది. పీరాన్ సాహెబ్ అప్పటికే వచ్చి బయట కూర్చుని ఉన్నాడు. ఆ షెడ్డులో పని బల్లకు వెన్నెముక పాత రైలు పట్టా ముక్క ఒకటి. లోపల దాని మీద వైసు, అంటే ముక్కను కదలకుండా పట్టే ఇనుప పట్టకారు, బిగించి ఉంటుంది. దాని కొస రేకు గోడ చీల్చుకుని మూరెడు బయటికి పోతుంది. ఆ మూరెడు మీదే ఆయన రోజూ కూర్చుని టీ తాగేది. ఏం తేలిందని ఆయన అడగలేదు. ఆయన టీ చల్లారి మీగడ కట్టింది.

రెడ్డెమ్మ లోపలికి పోయి లెక్క వేసుకుంది. అసలుదే, వయసైపోయి పగిలింది అని చెబితే ఏమవుతుంది? నాయుడి మీద పడ్డ నింద పోతుంది. టీచరమ్మకు కావాల్సింది అదే. తలరాత అనుకుంటానంది గదా, అనుకుంటుంది. ఈ ముసలాయన నెత్తి మీద ఈ వయసులో ఒక చావు పడకుండా పోతుంది. ముగ్గురికీ మేలు, ఎవరికీ నష్టం లేదు. అబద్ధం ఎప్పుడూ ఇలాగే వస్తుంది, అందరికీ మేలు చేసే చుట్టంలా, చేతిలో పండ్లు పట్టుకుని.

అడ్డం ఒక్కటే. ఆ చుక్కలు. టీచరమ్మ వచ్చేది వాటి బోర్డు కింది నుంచే.

పది గంటలకు రెడ్డెమ్మ ముక్కను పట్టకారులో బిగించి ఆకురాయి తీసుకుంది. మొదటి రాపిడి జారిపోయింది. రెండోది పట్టుకుంది. తర్వాత ఇరవయ్యో, ముప్పయ్యో. చుక్కలు లోతుగా ఉన్నాయి, కొట్టినవాడు భయపడుతూ కొట్టలేదు. ఒకటి పోయింది. రెండోది పోయింది. మూడోది పోయాక ఆ చోట ఇనుము రూపాయి బిళ్లంత మేర తళతళలాడింది. మసిలో గ్రీజు కలిపి పూసేసింది. చూస్తే నలభై ఏళ్ల మకిలిలాగే ఉంది.

గోడకు అవతల రైలు పట్టా మీద పీరాన్ సాహెబ్ కూర్చునే ఉన్నాడు. చెవులు లేవు గదా అని రెడ్డెమ్మ అటువైపు చూడలేదు.

టీచరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. చేతిలో గుడ్డ సంచీ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. రెడ్డెమ్మ విరిగిన చోటు చూపించి, గీతల లెక్క చెప్పింది. అంతవరకూ నిజమే కాబట్టి మాట తడబడలేదు. పీరాన్ సాహెబ్ వచ్చి వాకిట్లో నిలబడి ఆమె పెదవులు చూస్తున్నాడు.

"అంటే నాయన తప్పు లేదా?" అంది టీచరమ్మ.

"లేదు టీచరమ్మా. ఆ చేయి తెగినాక చక్రం ఉత్త బొమ్మ. ఎవరు నడిపినా అంతే."

టీచరమ్మ బల్ల అంచు పట్టుకుంది. నలభై ఏళ్లు లోపల బిగబట్టినదేదో వదులయినట్టు భుజాలు కిందికి దిగాయి. తర్వాత రెండో మాట అడిగింది.

"ఇది కారుతో వచ్చిందేనా?"

"కారుతో వచ్చిందే" అంది రెడ్డెమ్మ. "వయసైపోయింది."

అక్కడితో అయిపోవాల్సింది. టీచరమ్మ సంచీలోంచి కాగితం తీసి, ఇదంతా రాసిస్తావా అంది. రాసిస్తానని రెడ్డెమ్మ కలం కోసం చూసింది.

పీరాన్ సాహెబ్ వాకిలి వదిలి లోపలికి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. పట్టకారు కింద బల్ల మీద ఎడమ అరచేయి అంచుతో మెల్లగా ఊడ్చాడు. ఊడ్చి, అరచేయి తెరిచి రెడ్డెమ్మ ముందు పెట్టాడు. చిటికెడు ఇనుప రజను. అప్పుడే రాలింది, ఇంకా మెరుస్తోంది.

"అసలుదాని మీద మనం ఆకురాయి పెట్టం గదా, బిడ్డా."

గొంతులో కోపం లేదు. ఉంటే రెడ్డెమ్మ బతికిపోయేది.

ఆయన విరిగిన ముక్కను తీసుకుని, బొటనవేలితో మసి తుడిచాడు. మెరుపు బయటపడింది. చొక్కా జేబులోంచి గురుతులు కొట్టే ఉలి తీశాడు, వేలెడంత ఉంటుంది, పదహారేళ్లలో అది లేకుండా ఆయన జేబును రెడ్డెమ్మ చూడలేదు. ముక్కను పట్టా మీద ఆనించి, సుత్తి ఎత్తాడు. ఒకటి. రెండు. చేయి ఒక్క క్షణం ఆగింది. మూడు. పాత చోటనే, పొయ్యి రాళ్లలా.

దాన్ని రెండు చేతులతో టీచరమ్మకు అందించాడు.

"నేను చేసింది తల్లీ. ఇంగ్లండు నుంచి రావాలంటే ఎనిమిది నెలలన్నారు. మీ నాయనకు అంత ఓపిక లేదు, నాకు అంత బుద్ధి లేదు. లారీ యాక్సిలు కోసి, ఈ కొలిమిలోనే కాల్చి చేసినా. గట్టిగా ఉండాలని నీళ్లలో ముంచి పదును ఎక్కువ పెట్టినా. పదును ఎక్కువైతే ఇనుము వంగదు. పగుల్తాది."

టీచరమ్మ ముక్క వైపు చూసింది. వాకిలి మీది బోర్డు వైపు చూసింది.

"నీకు అప్పుడే తెలుసా?"

"నేను పెట్టిన చేయి అని తెలుసు. అదే తెగిందో లేదో తెలీదు. ఈ పొద్దు తెలిసింది."

"మా ఇంటికి వచ్చి చూడొచ్చు గదా."

"మూడుసార్లు వచ్చినా. సాయిబు పాత ఇనుముకు వచ్చినాడని మీ చిన్నాయన గేటు దగ్గరే తరిమినాడు."

"నాలుగోసారి?"

పీరాన్ సాహెబ్ ఆమె పెదవుల మీంచి కళ్లు దించుకున్నాడు.

"రాలేదు."

టీచరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మా అమ్మ వెనక వరసలో కూర్చునే పోయింది అంది, అంతే. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు, తరగతిలో నిలబడినట్టు. అంతసేపు ఎలా నిలబడ్డాడో ఆ మోకాళ్లకే తెలియాలి.

తర్వాత ఆమె రెడ్డెమ్మ వైపు తిరిగింది. నువ్వెందుకు అబద్ధం చెప్పినావని అడగలేదు. కాగితం ఆమె ముందుకు జరిపింది. బెంగుళూరోళ్లను నోటితో ఊడ్చిపారేసిన మనిషి ఆ పూట కాగితం దగ్గరికి లాక్కుంది. కలం పట్టుకుని కూర్చుంది. ముక్క ఎలా తెగిందో రాసింది. ఎవరు చేశారో రాయాల్సిన చోట కలం ఆగింది.

"రాయి" అన్నాడు పీరాన్ సాహెబ్. "ఇంటి పేరుతో సహా."

రాసింది.

టీచరమ్మ ఆ కాగితానికి నకళ్లు తీయించి, వాళ్ల నాయనను తాగుబోతన్న ప్రతి ఇంటికీ స్వయంగా ఇచ్చి వచ్చింది. బతికున్నవాళ్లకు వాళ్ల చేతికి, పోయినవాళ్లకు కొడుకుల చేతికి. కాగితంలో పీరాన్ సాహెబ్ పేరు కూడా ఉంది గదా, అది కూడా ఇంటింటికీ పోయింది. కొండ దారిలో పోయే బండ్లు ఆ షెడ్డు ముందు ఆగడం మానేశాయి. నెలన్నర పాటు ఒక్క స్టీరింగు రాలేదు. మునెప్ప మాత్రం తమాషాలు మానేసి, అడగకపోయినా పొద్దున, సాయంత్రం రెండు టీలు తెచ్చి పెట్టి పోయేవాడు. రోజూ పీరాన్ సాహెబ్ వచ్చి షెడ్డు తెరిచి, రైలు పట్టా మీద కూర్చుని, సాయంత్రం మూసి పోయేవాడు. బోర్డు తీసేద్దామా అని రెడ్డెమ్మ ఒకరోజు అడిగింది. ఆయన నిచ్చెన తెమ్మన్నాడు. తెస్తే ఎక్కి, వెలిసిపోయిన చుక్కలకు కొత్తగా తెల్ల రంగు వేశాడు.

రెండో నెలలో టీచరమ్మ దగ్గర నుంచి కబురొచ్చింది. కారు బాగు చేయండి, కొండ దిగాలి, నేనే నడుపుతా అని.

ముందు భాగాన్ని మదనపల్లెలోనే డెంటింగు చేయించారు. అసలు చేయి కోసం రెడ్డెమ్మ ఎవరెవరికో రాసింది. చివరికి ఇంగ్లండులో పాత కార్లు విప్పే ఒకాయన దగ్గర దొరికింది. పెట్టె విప్పి ఆమె ఒక పూటంతా దానితో కూర్చుంది. నడుమ వేలెడు పట్టీ ఉంది. పైకి ఉబ్బిన అంకెలు ఉన్నాయి. తీగకు కట్టి తట్టింది, గంటలా మోగింది. ఇంకోసారి తట్టింది. అది వరకైతే ఒక్కసారి చాలేది. పీరాన్ సాహెబ్ స్క్రూడ్రైవరు పళ్ల మధ్య కరిచి, కొస దానికి ఆనించి, ఆమెను మళ్లీ తట్టమన్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు ఉండి, తలాడించాడు. ఆమె బిగించింది. ఆకురాయి ముట్టలేదు.

ఆ ఉదయం కారును కొండ పైకి లాగించారు. నీలగిరి చెట్ల మధ్య చల్లటి గాలి. ఊరివాళ్లు పదిమంది దాకా చూడ్డానికి వచ్చారు. ఒకప్పుడు నోళ్లు పారేసుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు, మూసుకుని ఉన్నారు. మునెప్ప టీ బానతో సహా వచ్చాడు. టీచరమ్మ కొంగు బిగించి చక్రం ముందు కూర్చుంది. పక్కన సీటు తలుపు తీసి, పీరాన్ సాహెబ్ వైపు చూసింది.

"మీరు కూర్చుంటారేమో అనుకున్నా."

ఆయన తల అడ్డంగా ఊపి, రెడ్డెమ్మను చూపించాడు. బిగించింది ఆమె.

రెడ్డెమ్మ ఎక్కింది. ఈ సీట్లో వందసార్లు కొండ దిగింది. ఎప్పటిలాగే మునెప్ప పరుగున వచ్చి శెనక్కాయల పొట్లం ఒళ్లో పడేశాడు. ఇంజన్ అందుకుంది. కాళ్ల కింద రేకు అదిరింది. ఎదురుగా దారి వంపు తిరిగి, ఆ తర్వాత ఏమీ లేదు, ఆకాశం.

ఆమె మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి. ఆపుదామని చేతులు పెట్టి అదుముకుంది. చేతులు కూడా వణికాయి.

పీరాన్ సాహెబ్ తలుపు అంచు మీద అరచేయి వేసి నిలబడి ఉన్నాడు. ఆ వణుకు ఆయనకు ఇనుములోంచి తెలిసిందేమో.

"భయమైతా ఉంది ఉస్తాద్" అంది ఆమె, ఆయనకు కనపడేలా మొహం తిప్పి.

ఆయన తలుపు మూశాడు. గడియ పడిందో లేదో లాగి చూశాడు.

"నాయుడు దిగిన పొద్దు నాకు భయం లేదు. ఈ సీటు ఖాళీగా పోయింది."

రెడ్డెమ్మ ఆయన మొహం చూసింది. తర్వాత ఒళ్లో పొట్లం తీసి, మునెప్ప చేతిలో తిరిగి పెట్టేసింది.

కారు కదిలింది.